అత్తగారు పంచదార వేస్తారు, ఆయన స్ప్రే కొడతారు, చీమలు మాత్రం పోవడం లేదు

విశాఖపట్నం మధురవాడ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

కొండవారన కట్టిన అపార్టుమెంటులో రెండో అంతస్తు ఫ్లాటు వాళ్లది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, పద్నాలుగు నెలల పాప. నిరుడు మామగారు పోయారు. బొబ్బిలి దగ్గర పల్లెలో అంత ఇంట్లో ఒక్కరే ఎందుకని, సంక్రాంతి వెళ్లగానే అత్తగారిని తమ దగ్గరకు తెచ్చుకున్నారు. పగలంతా పాపను చూసుకునేది ఆవిడే. ఊళ్లో ఉన్నప్పుడు ఆవిడకు, మామగారికి ఒక అలవాటు ఉండేది. పొద్దున్నే పెరట్లో పుట్ట దగ్గర గుప్పెడు నూకలు వేయడం, శనివారమైతే అందులో కాస్త పంచదార కలపడం. ఇక్కడికి వచ్చాక కూడా అది మానలేదు. బాల్కనీలో తులసి కుండీ పక్కన వేస్తారు. కోడలు ఒకటి రెండుసార్లు వద్దని చూశారు. "గుప్పెడు నూకలేస్తే ఏటైపోద్దమ్మా, నోరులేని జీవాలు" అన్నారట ఆవిడ.

ఏప్రిల్‌లో బాల్కనీ గోడ మీద సన్నటి చీమల బారు కనపడింది. మే నెలలో అది వంటింటి కిటికీ దాకా వచ్చింది. భర్త స్ప్రే డబ్బా తెచ్చి బారు పొడవునా కొట్టారు. రెండు రోజులు ఒక్క చీమ లేదు. ఆ తర్వాత ఫ్రిజ్ వెనక, సింకు కింద, హాల్లో స్విచ్‌బోర్డులో, చివరికి పడకగదిలో చార్జర్ పెట్టే సాకెట్‌లో కూడా మొదలయ్యాయి. "తెల్ల టైల్స్ మీద సరిగా కనపడవు కూడా. నల్ల చుక్కలు పరుగెత్తుతున్నట్టు ఉంటుంది. పాలసీసా మూతలో, సిరప్ మూతలో, నా టిఫిన్ బాక్సు అంచున, ఎక్కడ చూస్తే అక్కడే" అని రాశారు. మళ్లీ స్ప్రే, మళ్లీ రెండు రోజుల ప్రశాంతత. జూన్‌లో వానలు పడ్డాక పెస్ట్ కంట్రోల్ వాళ్లతో ఏడాది కాంట్రాక్టు రాసుకున్నారు. ఒక కుర్రాడు మంచినీళ్ల సీసాలో మందేదో కలిపి తెచ్చి, గోడల వారగా కొట్టి వెళ్లాడు. నెల తిరక్కుండానే చీమలు తిరిగి వచ్చాయి, కుర్రాడు మాత్రం రాలేదు.

ఈలోగా పాపకు దద్దుర్లు. పొద్దున లేచేసరికి కాళ్ల మీద, మెడ దగ్గర ఎర్రగా ఉంటున్నాయి. మంచం కోడు దగ్గర ఒకసారి ఎర్ర చీమలు రెండు మూడు కనపడ్డాయి. ఆ రోజు కోడలు నోరు జారారు. "పుణ్యం మీకు, దద్దుర్లు పాపకు" అన్నారు. అప్పటి నుంచి అత్తగారు కంచం పట్టుకుని తన గదిలోకి వెళ్లి తింటున్నారు. ఆయన ఇద్దరికీ ఏమీ చెప్పరు, ఇంకో స్ప్రే డబ్బా తెస్తారు. పులి మీద పుట్రలా కింది ఫ్లాటు వాళ్లు అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో, "రెండో అంతస్తు బాల్కనీలోంచి మాకు చీమలు దిగుతున్నాయి, దయచేసి తిండి వేయడం ఆపండి" అని పెట్టారు. అత్తగారి ఫోన్‌లోనూ ఆ గ్రూపు ఉంది.

"చీమల కోసం ఇంట్లో మనుషులం మాటలు మానేశాం. ఆ నూకలు మాన్పించమంటారా? మాన్పిస్తే చీమలు పోతాయా? పోకపోతే ఆవిడ ముందు నా ముఖం ఎక్కడ పెట్టుకోను?" ఇదీ ఆమె ప్రశ్న.

సమాధానం:

అమ్మా, మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. నూకలు మాన్పించినంత మాత్రాన మీ వంటింటి చీమలు పోవు. అందుకు సాక్ష్యం మీ ఉత్తరంలోనే ఉంది. సంక్రాంతి తర్వాత నుంచి ఏప్రిల్ దాకా అత్తగారు రోజూ నూకలు వేస్తూనే ఉన్నారు, ఇంట్లో చీమల గొడవ లేదు. మే నెలలో బారు వచ్చింది ఒక్క కిటికీ దగ్గరికే. ఇల్లంతా పాకింది స్ప్రే కొట్టిన తర్వాత. ఈ వరస మీరే రాశారు, కోపంలో ఉండటం వల్ల దాన్ని చదువుకోలేదు.

స్ప్రే కొడితే చీమలు పెరగడమేమిటి అంటారేమో. మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి, తల నల్లగా, వెనక భాగం పాలిపోయి ఉండి, తెల్ల నేల మీద సగం చీమే కనపడే రకం అవి. మిల్లీమీటరున్నర పొడవుంటాయి. ఘోస్ట్ యాంట్ అని వీటికి పేరు. మనకు పెరట్లో కనపడే పుట్టలో చీమల్లా ఒక రాణి, ఒక పుట్ట అనే లెక్క వీటికి లేదు. ఒక్కో గుంపులో చాలామంది రాణులుంటారు. గోడ పగులు, కుండీలో మట్టి, టైల్స్ వెనక ఖాళీ, కరెంటు పైపు, ఎక్కడ కాస్త చెమ్మ ఉంటే అక్కడ చిన్న చిన్న గూళ్లు పెట్టుకుని, వాటి మధ్య తిరుగుతూ ఉంటాయి. కదిలిస్తే గుంపు చీలి, ఒక రాణిని, కొన్ని గుడ్లను తీసుకుని ఇంకో చోటికి మకాం మారుస్తుంది. స్ప్రే చంపేది బయట తిరిగే వాటిని. తిండికి బయటికి వచ్చేవి గుంపులో కొన్నే. మిగతావి గూట్లోనే ఉండి, ఆ దారి పనికిరాదని తెలిసి వేరే దారి పట్టాయి. మీ పడకగది సాకెట్ ఆ దారుల్లో ఒకటి.

నా ఊహ సరైనదో కాదో మీరే తేల్చుకోవచ్చు. ఒక చీమను వేళ్ల మధ్య చిదిపి వాసన చూడండి. కుళ్లిన కొబ్బరి వాసన వస్తే అదే రకం. వాసన లేకుండా, ఒళ్లంతా లేత పసుపు రంగులో ఉంటే అది ఫారో యాంట్ కావచ్చు. అది కూడా స్ప్రే కొడితే చీలిపోయేదే, కాకపోతే తీపితో పాటు నూనె, మాంసం వాసనలకూ వస్తుంది. రాత్రి పడుకునే ముందు ఒక కాగితం మీద చుక్క పంచదార పాకం, పక్కనే చిటికెడు వేరుశనగ గుండ పెట్టి, అరగంట ఆగి దేని చుట్టూ మూగాయో చూడండి. తర్వాత చెప్పబోయే ఎర పెట్టేటప్పుడు ఇది పనికొస్తుంది.

ఇక నూకల సంగతి. ఎదిగిన చీమ గట్టి పదార్థం మింగలేదు, ద్రవమే తాగుతుంది. గట్టివి దొరికితే మోసుకెళ్లి గూట్లో పిల్ల పురుగులకు పెడుతుంది. మీ వంటింటి చీమలకు ఒక్కో నూక గింజ వాటి ఒంటంత ఉంటుంది. ఆ నూకల్ని ఎక్కువగా మోసుకుపోయేవి వేరే జాతుల చీమలు. బొంబాయి రవ్వ తింటే చీమలు కడుపు ఉబ్బి పేలిపోతాయని యూట్యూబులో చెబుతుంటారు, అదీ ఉత్తిదే. కానీ శనివారం పంచదార ఉంది చూశారూ, అది చెమ్మకు కరిగి పాకమవుతుంది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో అందుకు ఎంతో సేపు పట్టదు. దానికి మాత్రం ఈ చీమలు తప్పకుండా వస్తాయి. కాబట్టి అత్తగారి పాత్ర బొత్తిగా లేదనను. ఉన్నది వారానికోసారి వేసే చెంచాడు పంచదారలో.

బాల్కనీలో మీరు అనుమానించని వాళ్లు ఇంకొకరున్నారు. మందారం, కరివేపాకు కుండీలు కూడా ఉన్నాయని రాశారు, "మందారం మొగ్గలు రాలిపోతున్నాయి, ఆకులు ముడుచుకుంటున్నాయి" అని కూడా ఏదో మాటవరసకు రాశారు. ఒక కొమ్మ వంచి ఆకు కింద, మొగ్గ మొదట్లో చూడండి. తెల్లగా దూదిపింజ అంటినట్టు ఉంటే అది పిండినల్లి. లేత చిగుళ్ల మీద పచ్చగానో నల్లగానో గుంపులుగా ఉంటే పేనుబంక. ఇవి మొక్క రసం పీల్చి, తియ్యటి జిగురు విసర్జిస్తాయి. చీమలు ఆ జిగురు తాగుతాయి, బదులుగా ఆ పురుగుల్ని తినడానికి వచ్చే వాటిని తరుముతాయి, వాటికి కాపలా కాస్తాయి. ఆ ఆకుల్ని వేలితో తడిమితే జిగటగా ఉంటుంది. రోజూ ఇరవై నాలుగు గంటలూ తీపి దొరికే చోటు అది, శనివారం పంచదార దాని ముందు ఎంత! సబ్బునీళ్లలో ముంచిన దూదితో పిండినల్లిని తుడిచేసి, బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి కవర్లో కట్టి పారేయండి. లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి, ఎండ తగ్గాక ఆకుల కింద తడిసేలా వారానికోసారి కొట్టండి. తులసి ఆకులు నోట్లో వేసుకుంటారు కాబట్టి దానికి మాత్రం మంచినీళ్లు జోరుగా కొట్టి కడగండి, చాలు. మొక్కల మీద పురుగు పోతే బాల్కనీలో బారు దానంతట అదే పలచబడుతుంది. దీనికి అత్తగారు అభ్యంతరం చెబుతారని నేననుకోను. పల్లెలో పెరడు చూసుకున్న మనిషికి పిండినల్లి కొత్త కాదు.

పాప దద్దుర్ల విషయం విడిగా చూడాలి. వంటింట్లో తిరిగే ఈ చిన్న చీమలు మనుషుల్ని కుట్టవు. మంచం కోడు దగ్గర చూసిన ఎర్ర చీమలు కుడతాయి, మంట పెడతాయి, పొక్కు కూడా లేస్తుంది. కానీ అవి గూళ్లు పెట్టేది సాధారణంగా బయట మట్టిలో, ఎండ తగిలే ఖాళీ స్థలాల్లో. మీ ఇంటికి కిందినుంచి పైపుల వెంట పైకి వచ్చి ఉంటాయి. ఇంకో సంగతి. చీమ కుడితే పసిపిల్ల నిద్రలో కెవ్వుమంటుంది. మీ పాప రాత్రంతా హాయిగా నిద్రపోయి, పొద్దున దద్దుర్లతో లేస్తోందని మీరే రాశారు. అలాంటప్పుడు దోమలనో, పరుపులో నల్లులనో, ఒక్కోసారి గదిలో కొట్టిన స్ప్రేనో కూడా అనుమానించాలి. పరుపు కుట్ల వెంట, మంచం కీళ్లలో టార్చి వేసి నల్ల మచ్చలున్నాయేమో చూడండి. దోమతెర కట్టి వారం చూడండి. చర్మం సంగతి పిల్లల డాక్టరు చూడాల్సిందే, నేను తేల్చలేను. చీమ కుట్టినట్టు మీరు కళ్లారా చూస్తే ఆ చోటు సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెట్టండి. పెదాలు, ముఖం వాచినా, ఊపిరి కష్టమైనా, వాంతులైనా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

చేతిలో ఉన్న దారులు చెబుతాను. దేని ఖర్చు దానికుంది, డబ్బు ఒక్కటే కాదు.

మొదటిది, చంపకుండా దారులు మూయడం. అత్తగారికి ఇష్టమయ్యేది ఇదే. చీమ నడిచిన చోట వాసన గీత వదులుతుంది, వెనక వచ్చేవి ఆ గీత పట్టుకునే నడుస్తాయి. ఉత్త తడిగుడ్డతో తుడిస్తే చీమలు పోతాయి గానీ గీత పూర్తిగా పోదు. సబ్బునీళ్లతోనో, వెనిగర్ సగం నీళ్లు సగం కలిపో తుడిస్తే పోతుంది. ఆ తర్వాత కిటికీ చట్రం పక్క సందు, సింకు పైపు గోడలోకి దిగే చోటు, టైల్స్ మధ్య ఊడిపోయిన గీతలు వైట్ సిమెంటుతోనో సిలికాన్‌తోనో పూడ్చాలి. గిన్నె కింద పళ్లెంలో నీళ్లు పెట్టడం మన అమ్మమ్మల నాటి పద్ధతి, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. కాకపోతే ఆ నీళ్లు రోజూ మార్చాలి, లేదంటే చీమలు పోయి దోమలు వస్తాయి, డెంగీ దోమకు ఆ పళ్లెంలో నీళ్లు చాలు. పసుపు, లవంగాలు, కర్పూరం పెట్టొచ్చు, ఆ పూటకు ఆ చోటికి రావు, అంతకు మించి ఆశించకండి. ఈ పద్ధతిలో పాపకు ప్రమాదం లేదు, ఇంట్లో గొడవ లేదు. అయితే గూళ్లు గోడల్లోనే ఉంటాయి. ఇవాళ ఇక్కడ మూస్తే రేపు అక్కడ తేలతాయి. వానలు తగ్గే దాకా, మన తీరంలో అంటే నవంబరు వాయుగుండాలు దాటే దాకా, ఓపిక కావాలి. ఆ ఓపిక మీ ఇద్దరు ఉద్యోగస్తులకు ఉందా అన్నది మీరే ఆలోచించుకోవాలి.

రెండోది ఎర. గూటి దాకా వెళ్లి పని చేసేది ఇదొక్కటే. మందుల షాపులో బోరిక్ యాసిడ్ పొడి అడగండి. అరగ్లాసు, అంటే వంద మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల పంచదార, ఒక గ్రాము బోరిక్ పొడి కలపాలి. గ్రామంటే టీ చెంచాలో పావు వంతు, తలకొట్టి. ఇంకాస్త వేస్తే త్వరగా పోతాయి కదా అని ఎక్కువ వేస్తే మొత్తం చెడుతుంది. తాగిన చీమ దారిలోనే చస్తుంది, లేదా రుచి తేడా తెలిసి ముట్టదు. తాగి, గూటికి చేరి, రాణికి, పిల్లలకు నోటితో అందించేంత వరకు అది బతికి ఉండాలి. అందుకే ఆ ఒక్క శాతం. వేరుశనగ గుండకే మూగాయని తేలితే అదే నిష్పత్తిలో గుండలో కలిపి, నూనె చుక్క వేసి ముద్ద చేయండి.

ఎర పెట్టే తీరు చాలా ముఖ్యం, ఎందుకంటే ఇంట్లో నేల మీద పాకుతూ, దొరికిందల్లా నోట్లో పెట్టుకునే పిల్ల ఉంది. బోరిక్ యాసిడ్ పసిపిల్లల కడుపులోకి పోతే చాలా ప్రమాదం. మూత బిగుతుగా ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, కాల్చిన సూదితో పక్కల నాలుగైదు చిల్లులు పొడవండి. లోపల దూది పెట్టి, ద్రావణంతో తడపండి. మూత టేపుతో చుట్టి, ఫ్రిజ్ పైన, స్విచ్‌బోర్డు పైన గోడకు, కిటికీ పై చట్రానికి అంటించండి. నేల మీద పెట్టొద్దు. కలిపిన సీసా మీద "విషం" అని పెద్దగా రాసి తాళం వేసే చోట పెట్టండి, మంచినీళ్ల సీసాలో మాత్రం పోయకండి. ఎండకు దూది ఆరిపోతుంది, పాకం పులుస్తుంది, రెండు మూడు రోజులకోసారి మార్చాలి. మొదటి రెండు రోజులు చీమలు పదింతలు వచ్చినట్టు కనపడతాయి. అప్పుడే అందరూ భయపడి స్ప్రే అందుకుంటారు. అందుకోవద్దు, తుడవొద్దు, వాటిని తాగనివ్వండి. రెండు మూడు వారాల్లో పలచబడతాయి. ఆ రోజుల్లో ఇంట్లో వేరే తీపి వాటికి దొరకకూడదు. బెల్లం డబ్బా, తేనె సీసా అంచు, పాప బిస్కెట్ ముక్కలు, రాత్రి సింకులో వదిలే పాలగిన్నె, తడిచెత్త బుట్ట, అన్నీ పడుకునే ముందు చూసుకోవాలి. బాల్కనీలో శనివారం పంచదార కూడా.

మూడోది మళ్లీ పెస్ట్ కంట్రోల్. ఈసారి పిలిస్తే స్ప్రే కాదు, జెల్ ఎర పెడతారా అని ముందే అడగండి. మందు పేరు, లేబులు చూపించమనండి. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద ఆ వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, దాని నకలు చూపించమనండి. లేబులు లేని సీసాలో కలిపి తెచ్చిన మందును గుమ్మం దాటనివ్వకండి. డబ్బు అవుతుంది, శ్రమ తక్కువ, త్వరగా అవుతుంది. కానీ ఒక్క మీ ఫ్లాటులో చేయిస్తే సగం పనే. కరెంటు పైపులు, డ్రైనేజీ గొట్టాలు అంతస్తుల మధ్య కలిసే ఉంటాయి, చీమలకు ఫ్లాటు నంబర్లు లేవు. కింది వాళ్లకు గ్రూపులో జవాబు రాయకండి, ఆదివారం పూట వెళ్లి, "మీ ఇంట్లో ఏ గదిలో, ఏ సాకెట్ దగ్గర వస్తున్నాయి" అని అడగండి. వాళ్లూ స్ప్రే కొడుతుంటే వాళ్ల ఇంట్లో చీలినవే మీ ఇంటికి వస్తున్నా రావచ్చు. బాత్‌రూమ్ గోడల్లో ఎక్కడైనా లీకేజీ ఉందేమో ఇద్దరూ కలిసి చూసుకోండి, చెమ్మ ఉన్నంత కాలం ఏ మందూ నిలవదు. రెండు మూడు ఫ్లాట్లు ఒకేసారి ఎర పెట్టుకుంటే ఖర్చూ తగ్గుతుంది, పనీ అవుతుంది.

నా మొగ్గు మొదటిది, రెండోది కలిపి చేయడం వైపు. మొక్కలు బాగుచేసి, మూడు వారాలు ఎర పెట్టి, చీమలు పలచబడ్డాక సందులు పూడ్చడం. ముందే పూడిస్తే అవి ఎర దాకా రాలేవు. కానీ ఇది అత్తగారితో సంబంధం లేకుండా జరిగే పని కాదు, అందుకే ఆ మాట ఇప్పుడు.

మీలో చాలామందికి తట్టే ఆలోచన ఒకటుంది, మీకూ తట్టి ఉండొచ్చు. అత్తగారు వేసే పంచదారలోనే గుట్టుగా బోరిక్ పొడి కలిపేస్తే పోలా, అని. పొడి పంచదారలో నిష్పత్తి కుదరదు, బాల్కనీ నేల మీద పాప పాకుతుంది, పిచ్చుకలు వస్తాయి. వాటన్నిటికంటే, ఆవిడ చేత్తో ఆవిడకు తెలియకుండా విషం పెట్టించడం అవుతుంది అది. ఎప్పుడో ఒకరోజు తెలుస్తుంది. తెలిశాక మీరు ఏ వంట చేసి పెట్టినా ఆవిడ కంచం ముందు కూర్చుని ఆలోచిస్తారు. ఆ పని మాత్రం చేయకండి.

ఆ నూకలు మామగారితో కలిసి వేసేవారని మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. ఊరు వదిలి, ఇల్లు వదిలి, మనిషి పోయి వచ్చిన ఆవిడకు ఆ ఇంటి నుంచి ఇక్కడికి తెచ్చుకోగలిగిన పని అదొక్కటే అయి ఉండొచ్చు. మిగతా రోజంతా మీ పాప పని, మీ ఇంటి పని. "మానేయండి" అన్నప్పుడు ఆవిడకు వినపడింది చీమల సంగతి కాకపోవచ్చు. అందుకని మానమని అడగకండి, చోటు మార్చమనండి. కింద కాంపౌండు గోడ అవతల, కొండ వైపు మట్టి ఉంటుంది కదా, పొద్దున పాపను ఎత్తుకుని కిందికి దిగి అక్కడ చెట్టు మొదట్లో నూకలు వేయమనండి. పంచదార వద్దు, నూకలు చాలు. గోడకు, పైపులకు దూరంగా. అపార్టుమెంటు వాళ్లకు చెప్పే అవసరం కూడా ఉండదు. పాపకు పొద్దుటి ఎండ తగులుతుంది. ఆవిడ మోకాళ్లు మెట్లు దిగనిస్తాయో లేదో నాకు తెలియదు, లిఫ్టు ఉందో లేదో మీరు రాయలేదు. దిగలేకపోతే మీ ఆయన ఆఫీసుకు వెళ్తూ ఆ గుప్పెడు వేసి వెళ్లొచ్చు. స్ప్రే డబ్బా కొనడం కంటే అది తేలిక.

ఎర గురించి దాచకుండా చెప్పండి. "అత్తయ్యా, ఇంట్లో వాటిని చంపాల్సి వస్తోంది, మీకు ఇష్టం ఉండదని తెలుసు, పాప ఉంది కాబట్టి తప్పడం లేదు" అని ఆ మాటల్లోనే. ఆవిడ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే ఎర పెట్టడం మీరు, మార్చడం మీ ఆయన, ఆవిడను దానికి దూరంగా ఉంచండి, మొదటి పద్ధతిలో భాగం మాత్రం ఆవిడకు ఇవ్వండి. ఒప్పుకుంటే ఆవిడంత సాయం మీకు ఇంకెవరూ చేయలేరు. పగలంతా ఇంట్లో ఉండేది ఆవిడే. చీమ ఏ వేళకు ఏ పగులులోంచి వస్తుంది, తిండి నోట పట్టుకుని ఎటు తిరిగి పోతుంది అన్నది సాయంత్రం ఆరింటికి అలసిపోయి వచ్చే మీ ఇద్దరికీ కనపడదు. నిండుగా తాగి తిరిగి వెళ్తున్న చీమ వెంట చూపు పోనిస్తే అది గూటి దగ్గరకు తీసుకెళ్తుంది. ఆ చోట పెన్సిలుతో ఒక గీత పెట్టమనండి. నాలుగు రోజుల గీతలు చూస్తే ఎర ఎక్కడ పెట్టాలో, తర్వాత సిమెంటు ఎక్కడ పెట్టాలో తెలిసిపోతుంది. ఇన్నాళ్లు చీమల్ని దగ్గరగా చూసిన కళ్లు ఆ ఇంట్లో ఆవిడవే.

నోరు జారిన మాటకు క్షమాపణ వేరేగా చెప్పుకోండి, ఈ పథకంలో కలపకండి. "దద్దుర్లు మీ వల్ల కాదేమో అత్తయ్యా, అన్నందుకు ఏమనుకోకండి" అంటే సరిపోతుంది. కంచం గదిలోకి తీసుకెళ్లే రోజుల్లోనే చెప్పాలి, చీమలు పోయాక చెప్తే అది లెక్క తేల్చినట్టుంటుంది.

మీ ఆయనకు ఒక ముక్క. స్ప్రే డబ్బాలు ఇప్పుడున్నవి పక్కన పెట్టమనండి. ఎర ఉన్న చోట స్ప్రే వాసన తగిలితే చీమలు ఎర ముట్టవు, రెండూ కలిపి చేయడం ఏదీ చేయకపోవడంతో సమానం. స్విచ్‌బోర్డులోకి అసలు కొట్టొద్దు, నీళ్లూ పోయొద్దు. పడకగది సాకెట్ విప్పాల్సి వస్తే మెయిన్ ఆఫ్ చేసి ఎలక్ట్రీషియన్ చేత విప్పించండి. చీమల చాక్‌పీస్ కూడా మందే. పాప చేతికి అందే ఎత్తులో, పాకే నేల మీద గీయకూడదు, సుద్దముక్కే కదా అని ఆడుకోనివ్వకూడదు. సంచుల్లోంచి తీసి పొట్లం కట్టి ఇచ్చే తెల్ల చీమలపొడి కొనకండి. గమాక్సిన్ పేరుతో పెద్దవాళ్లు వాడిన బీహెచ్‌సీని మన దేశంలో 1997లోనే నిషేధించారు, పొట్లంలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు.

జూన్‌లో మొదటి వానకు ట్యూబ్‌లైట్ చుట్టూ రెక్కల పురుగులు వచ్చి, పొద్దున రెక్కలు కుప్పలుగా రాలాయని, "చీమలకు రెక్కలొచ్చాయా" అని అడిగారు. అత్తగారు ఉసుళ్లన్నారట, ఆవిడ మాటే నిజం, ఉసుళ్లంటే రెక్కలొచ్చిన చెదపురుగులు. నాలుగు రెక్కలూ ఒకే పొడవుండి, నడుము సన్నగా లేకుండా ఉంటే అవి చెదపురుగులవి. చీమకు ముందు రెక్కలు పొడుగు, వెనకవి పొట్టి, నడుము దారంలా ఉంటుంది. వెలుగుకు బయట నుంచి వచ్చినవైతే దిగులు లేదు. ఇంటి లోపల గుమ్మం చట్రం దగ్గరే రెక్కలు కుప్పపడి ఉంటే మాత్రం ఆ చెక్కను వేలితో తట్టి చూడండి, డొల్ల చప్పుడైతే అది వేరే వైద్యం, బిల్డరును పిలవాల్సిన పని.

వీటిలో ఈ వారం చేయాల్సినవి రెండే. పాప దద్దుర్లు లేచిన పొద్దున ఫొటో తీసి డాక్టరుకు చూపించండి. మందారం ఆకు తిప్పి చూడండి. ఎర సంగతి అత్తగారితో మాట్లాడాకే.